మంచులో గురి, మార్కెట్లో గాభరా: చలికాలపు తుపాకీ సాధనకు కరదీపిక

కొబ్బరినూనె సీసా చలికి పేరుకుపోతే ఎండలో పెట్టో, వేణ్ణీళ్ళలో ముంచో కరిగించుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పనే. మైనస్ 20 డిగ్రీల్లో రైఫిల్ బోల్ట్ (తూటాను గొట్టంలోకి తోసి మూసే భాగం) లోపలి నూనెకూ దాదాపు అదే గతి పడుతుంది. అక్కడ వేణ్ణీళ్ళు పనికిరావు, అంతే తేడా. మిన్నెసోటా, మిషిగన్, నార్త్ డకోటా లాంటి చోట్ల ఉంటూ డిసెంబరు నుంచి మార్చి దాకా కూడా ఆరుబయటి రేంజ్‌కు, అంటే కాల్పుల సాధన స్థలానికి, వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం ఇది. తుపాకీ పట్టుకోవడంలో ప్రాథమిక జాగ్రత్తలు తెలిసినవాళ్ళకే: గొట్టం ఎప్పుడూ గురి వైపే ఉండాలి, కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి, ప్రతి తుపాకీ నిండి ఉందనే అనుకోవాలి. అవి ఇంకా ఒంటబట్టకపోతే మొదటి పాఠం వేసవిలో, శిక్షకుడి పక్కన నేర్చుకోండి. చలి ఎవరికీ ఓనమాలు దిద్దించదు.

చివర్లో తూటాల కొనుగోలు గురించీ, "ఆర్థిక వ్యవస్థ కుప్పకూలిపోతుంది" అన్న మాట వినపడగానే దుకాణాలు ఖాళీ కావడం గురించీ ఉంటుంది. చలి సాధనా ఆ గాభరా కొనుగోళ్ళూ వేరువేరు సంగతుల్లా కనిపిస్తాయి గానీ, 2020-21 చలికాలంలో రేంజ్‌కు వెళ్ళిన ఎవరినడిగినా సంబంధం చెబుతారు.

ముందు వీసా

మనవాళ్ళు ఎక్కువగా పొరబడే చోటు ఇదే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ, ఎల్1, ఎఫ్1, హెచ్4 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. "నేను కొనట్లేదుగా, రేంజ్‌లో అద్దెకు తీసుకుని పది రౌండ్లు పేల్చి వస్తా" అంటే కుదరదు. చేతిలోకి తీసుకున్నా ఉంచుకున్నట్టే లెక్క. మినహాయింపుల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. 2022లో చట్టం మారాక ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళ జైలు. దానికి తోడు దేశం నుంచి పంపించేయడానికి తుపాకీ నేరం ఒక్కటే చాలు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ పౌరులకీ ఈ అడ్డంకి లేదు. మధ్యలో ఉన్నవాళ్ళు, అంటే గ్రీన్ కార్డు కోసం ఐ-485 దరఖాస్తు పెట్టి ఎదురుచూసేవాళ్ళు, ఇమిగ్రేషన్ లాయరును అడిగి జవాబు ఈమెయిల్లో తీసుకున్నాకే గడప దాటండి. స్నేహితుడి తుపాకీ పట్టుకుని దిగిన ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టడం మరీ తెలివితక్కువ పని.

తుపాకీని కారులో ఎలా తీసుకెళ్ళాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. తూటాలన్నీ తీసేసి, పెట్టెలో పెట్టి తాళం వేసి, తూటాలు వేరే సంచిలో ఉంచి డిక్కీలో పెట్టుకుంటే దాదాపు ఎక్కడా చిక్కు రాదు.

నూనె తగ్గించాలి, ఉన్నది మార్చాలి

చలిలో తుపాకీ మొరాయిస్తే మొదట అనుమానించాల్సింది నూనెనే. మామూలు నూనె, అందులోనూ గ్రీజు, చిక్కబడుతుంది. తూటా అడుగున కొట్టే ఫైరింగ్ పిన్ తన సన్నని గొట్టంలో తేనెలో నడిచినట్టు కదులుతుంది. ప్రైమర్ (తూటా అడుగున నిప్పు రాజేసే బిళ్ళ) మీద పడే దెబ్బ బలహీనమై "టిక్" మని చప్పుడు వస్తుంది, తూటా పేలదు. కాల్చిన ప్రతిసారీ తనే తూటా మార్చుకునే సెమీ ఆటోమేటిక్ అయితే బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు. ఖాళీ తొడుగు సగంలో ఇరుక్కుంటుంది, లేదా బోల్ట్ వెనక్కి వచ్చినా కొత్త తూటాను అందుకోదు. ఇలాంటివన్నీ మొదటి ఐదారు రౌండ్లలోనే ఎక్కువ. లోపల కాస్త వేడెక్కాక అదే తుపాకీ సజావుగా నడుస్తుంటే, తప్పు స్ప్రింగుది కాదు, నూనెదే అని తేల్చుకోవచ్చు.

చేయాల్సిన పని ఇది. తుపాకీ ఖాళీ అని రెండుసార్లు, కంటితో ఒకసారి చిటికెన వేలితో ఒకసారి, చూసుకోండి. తూటాలను ఆ గదిలోంచే తీసేయండి. కంపెనీ పుస్తకంలో చెప్పినంత వరకే విప్పండి. బోల్ట్, ఫైరింగ్ పిన్, దాని స్ప్రింగు, ఖాళీ తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింది సందు, వీటన్నిటినీ నూనెను కరిగించే సాల్వెంట్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ట్రిగ్గర్ భాగాన్ని విప్పొద్దు. తుపాకీ మెకానిక్ కానివాళ్ళు విప్పితే తిరిగి బిగించేటప్పుడు సేఫ్టీ పనిచేయకపోవచ్చు. పాత నూనె పోయేలా సాల్వెంట్ పోసి కార్చేస్తే చాలు. పాత మిలిటరీ రైఫిల్ కొన్నవాళ్ళకు ఇంకో పని ఉంది: నిల్వ కోసం పూసిన మైనం లాంటి గ్రీజు బోల్ట్ లోపల ఇంకా ఉండిపోతుంది. వేసవిలో అదేమీ బాధపెట్టదు, జనవరిలో బయటపడుతుంది.

ఒక హెచ్చరిక. చలి అని గరాజ్ తలుపు మూసుకుని ఈ పని చేయొద్దు. సాల్వెంట్ ఆవిరి నేలబారుగా పాకుతుంది. గ్యాస్ వాటర్ హీటర్ మంట అక్కడే ఉంటుంది.

ఆరాక బోల్ట్ మీద రాపిడి గీతలు మెరిసే చోట్ల మాత్రమే పలచని సింథటిక్ నూనె, ఒక్కో చోట ఒక్క చుక్క వేసి గుడ్డతో తుడిచేయండి. తుడిచాక వేలికి జిడ్డు తగలాలి, కంటికి తడి కనపడకూడదు. ఫైరింగ్ పిన్ గొట్టానికీ తూటాలు నింపే మ్యాగజైన్ లోపలికీ నూనె అసలు వద్దు. మరీ తీవ్రమైన చలి కోసం అమెరికా సైన్యం ప్రత్యేకంగా ఒక పలచని ఆర్కిటిక్ నూనె వాడుతుంది. మన నెలవారీ సాధనకు అంత అవసరం లేదు గానీ, సీసా మీద రాసిన కనిష్ఠ ఉష్ణోగ్రత మీ ఊరి జనవరి కంటే కిందికి ఉందో లేదో చూసుకోండి. ఇంట్లోనే ఒక పరీక్ష కూడా ఉంది: రెండు చుక్కలు ఒక చెంచాలో వేసి రాత్రంతా వరండాలో ఉంచండి. పొద్దున చెంచా వంచితే నూనె జారాలి. జారకపోతే అది వేసవి నూనె.

లోపలికి తెచ్చినప్పుడే అసలు గండం

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పడుతుంది కదా, చలిలోంచి ఇంట్లోకి తెచ్చిన తుపాకీకీ అంతే. బయటి ఇనుము మీద పట్టిన తడి కనపడుతుంది, తుడుస్తాం. బోల్ట్ లోపల, గొట్టంలో, స్కోప్ (గురి చూసే దుర్బీను) మరల సందుల్లో పట్టింది కనపడదు. మర్నాడు మళ్ళీ బయటికి తీసుకెళ్తే ఆ తడే గడ్డకట్టి ఫైరింగ్ పిన్‌ను పట్టేస్తుంది.

అందుకని తుపాకీని బయటే, చలిగా ఉండగానే పెట్టెలో పెట్టి మూసి, మూసిన పెట్టెను ఇంట్లోకి తెచ్చి నాలుగు నుంచి ఆరు గంటలు తెరవకుండా వదిలేయండి. పెట్టె లోపలి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తుపాకీ తడి పట్టకుండా నిదానంగా వేడెక్కుతుంది. ఆ తర్వాతే తీసి, విప్పి, గొట్టంలో పొడిగుడ్డ నడిపి, పలచగా నూనె రాసి తాళం వేయాలి. ఆ రోజే మళ్ళీ వెళ్ళే పని ఉంటే వేడి లేని, తాళం వేసిన గరాజ్‌లోనే ఉంచడం మేలు. పిల్లలున్న ఇంట్లో "చలికి బయట పెట్టాను" అంటే తాళం లేకుండా అని అర్థం కాదు.

రేంజ్‌లో విరామం తీసుకున్నప్పుడూ ఇదే సూత్రం. మీరు వేడి గదిలోకి వెళ్ళండి, తుపాకీ మాత్రం బల్ల మీదే, ఖాళీగా, బోల్ట్ తెరిచి ఉండాలి. పక్కన మీ తోటి మనిషి కాపలా ఉండాలి. ఒక్కరే వెళ్ళడం చలికాలంలో నేను ఒప్పుకోను. జారిపడినా వేళ్ళు మొద్దుబారినా చూసేవాళ్ళు కావాలి.

చేతులు, చెంప, చెవులు

ఉష్ణోగ్రత మైనస్ 18, గాలి గంటకు 24 కిలోమీటర్లు అనుకుంటే ఒంటికి తగిలేది దాదాపు మైనస్ 29 డిగ్రీల చలి. తెరిచిన చర్మం అరగంటలో గడ్డకట్టే స్థాయి అది. మంచు మీద స్కీయింగ్ చేస్తూ మధ్యలో రైఫిల్ కాల్చే బయథ్లాన్ పోటీలనే మైనస్ 20 కంటే కిందికి పడితే మొదలుపెట్టరు. జీవితమంతా మంచులో పెరిగిన క్రీడాకారులకే ఆ హద్దు ఉన్నప్పుడు గుంటూరు ఎండల్లో పెరిగిన మనకు మైనస్ 15 దగ్గర ఆగిపోవడం నామోషీ కాదు.

చేతికి రెండు పొరలు వేసుకోండి. లోపల పలచని ఉన్ని లేదా సింథటిక్ గ్లవ్, పైన వేళ్ళు కలిసి ఉండే మందపాటి మిటెన్. కాల్చేటప్పుడు కుడిచేతి మిటెన్ ఒక్కటే తీస్తారు. మందపాటి గ్లవ్‌తోనే కాల్చాలని చూడొద్దు. ట్రిగ్గర్ గార్డ్‌లోకి వేలు దూరేటప్పుడే బట్ట మడత ట్రిగ్గర్‌ను నొక్కేస్తుంది. ఏ గ్లవ్ వాడబోతున్నారో దానితో ముందు ఇంట్లో ఖాళీ తుపాకీతో యాభైసార్లు ట్రిగ్గర్ నొక్కి చూడండి. వేలి కొసకు ట్రిగ్గర్ ఆనిన స్పర్శ తెలియకపోతే ఆ గ్లవ్ పనికిరాదు. రేంజ్‌లో కూడా ఆ స్పర్శ పోయిన క్షణమే ఆపేయాలి.

చెంప ఆనే చోట ఇనుము తగిలితే చెమటతో కలిసి అతుక్కుంటుంది. అక్కడ గుడ్డ టేపు రెండు చుట్లు చుట్టండి. మందపాటి కోటు వల్ల రైఫిల్ భుజం నుంచి రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది, స్కోప్‌లో చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది. అప్పుడు చాలామంది మెడ చాపుతారు, గురి పాడవుతుంది. బట్ (భుజానికి ఆనే చివర) దగ్గర పొడవు పెంచే స్పేసర్ పలక ఉంటే ఒకటి తీసేయండి, లేకపోతే భుజం దగ్గర పలచగా ఉండే కోటు ఎంచుకోండి. కాటన్ బనియన్ వద్దు. చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది.

చెవుల విషయంలో దాదాపు అందరూ చేసే తప్పు: ఉన్ని టోపీ మీద ఇయర్ మఫ్ పెట్టుకోవడం. మఫ్‌కూ చెవికీ మధ్య ఉన్ని పొర వస్తే చప్పుడు లోపలికి దూరుతుంది. ముందు చెవిలో ఫోమ్ ప్లగ్గులు, వాటి మీద టోపీ, కావాలంటే ఆ పైన మఫ్. ప్లగ్గులు చలికి గట్టిపడతాయి, కారులోనే పెట్టుకుని దిగండి. కళ్ళద్దాలకు ఆవిరి పట్టకుండా మఫ్లర్‌ను ముక్కు కిందికి దించి, స్కోప్‌కు కన్ను ఆనించే ముందే ఊపిరి వదిలేయండి. అద్దం మీద ఊది తుడవడం వేసవి అలవాటు. చలిలో ఆ ఆవిరి అక్కడే మంచుపొర అవుతుంది. ఎర్రచుక్క వెలుగుతో గురి చూపే రెడ్ డాట్‌కు అదనపు బ్యాటరీ ఒకటి చొక్కా లోపలి జేబులో ఉంచుకోండి.

రేంజ్‌లో

ముందు నిలబడే చోటు మంచు తీసి, ఇసుకో ఉప్పో చల్లండి. పడుకుని కాల్చేట్టయితే గొట్టం మూతి కింద ఉన్న పొడిమంచును కాలితో తొక్కి గట్టిచేయండి. లేకపోతే ప్రతి దెబ్బకూ మంచు లేచి స్కోప్ నిండా పడుతుంది. 1939-40 శీతాకాల యుద్ధంలో ఫిన్లాండ్ స్నైపర్ సిమో హేహా తన ముందున్న మంచును గడ్డకట్టించేవాడు. మంచు లేస్తే శత్రువుకు జాడ తెలుస్తుందని ఆయన జాగ్రత్త. మనకు జాడ గొడవ లేదు, అద్దం గొడవ ఉంది.

గొట్టంలో మంచు దూరితే మాత్రం తమాషా కాదు. చిటికెడు మంచు ఉన్నా తూటా వెనక ఒత్తిడి పెరిగి గొట్టం ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. రైఫిల్ మూతి నేలకు తగిలినా, తుపాకీ జారిపడినా, బోల్ట్ తీసి వెలుతురు కేసి గొట్టం లోపలికి చూడాల్సిందే. మ్యాగజైన్ మంచులో పడితే దాన్ని పక్కన పెట్టేయండి, ఆ రోజుకు దానితో పని అయిపోయింది.

ట్రిగ్గర్ నొక్కితే పేలకపోతే గొట్టాన్ని గురి వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. తూటా ఆలస్యంగా పేలవచ్చు. ఆ తర్వాతే బోల్ట్ తెరవాలి. చప్పుడు మామూలు కంటే తక్కువగా, "పుస్" మన్నట్టు వస్తే ఇంకో రౌండు కాల్చకుండా గొట్టంలో తూటా ఇరుక్కుందేమో చూడాలి.

గురి వెనకున్న మట్టికట్ట వేసవిలో తూటాను మింగేస్తుంది. జనవరిలో అదే కట్ట రాయిలా గడ్డకట్టి తూటాను ఎగరగొడుతుంది. పైన మంచు మెత్తగా కప్పి ఉంటే ఇది కంటికి తెలియదు. గురిని కట్ట అడుగున, గోడ నిటారుగా ఉన్న చోట పెట్టండి. నేలబారు గురి, మంచుగడ్డల మీద పెట్టిన డబ్బాలు అసలు వద్దు.

మొత్తం సాధన ముప్పావు గంట, 40 నుంచి 60 రౌండ్లు చాలు. ఐదేసి రౌండ్ల చొప్పున, మధ్య మధ్య మిటెన్‌లో చేయి వేడి చేసుకుంటూ. పదో రౌండు దాటాక వేడెక్కిన గొట్టం నుంచి లేచే వేడిగాలి చలిగాలిలో స్కోప్ ముందు అలల్లా ఆడుతుంది, గురి కదిలినట్టు కనిపిస్తుంది. అప్పుడు రెండు నిమిషాలు ఆగాలి.

తూటాలన్నీ ఒకే చలిలో ఉంచండి. కొన్ని జేబులో వెచ్చగా, కొన్ని బల్ల మీద ఉంటే రెండు రకాల తూటాలతో కాల్చినట్టే. చలికి తూటాలోని పేలుడు మందు నెమ్మదిగా మండుతుంది. ఒక్కో సెల్సియస్ డిగ్రీకి సెకనుకు అర మీటరు వేగం తగ్గుతుందన్నది ఉజ్జాయింపు లెక్క, మందు రకాన్ని బట్టి తేడా ఉంటుంది. జూలైలో 25 డిగ్రీల్లో సరిచూసుకున్న .308 రైఫిల్‌ను మైనస్ 15లో కాలిస్తే వేగం 20 మీటర్లు తగ్గినట్టు. 100 మీటర్ల దగ్గర అది తెలియదు. 300 మీటర్ల దగ్గర నాలుగైదు సెంటీమీటర్లు కిందికి పడుతుంది, చిక్కని గాలి ఇంకాస్త కలుపుతుంది. స్కోప్ మరలు తిప్పేముందు నోటుపుస్తకంలో తేదీ, ఉష్ణోగ్రత, ఎంత కిందికి పడిందీ రాసుకోండి. మూడు చలికాలాల పుస్తకం ఏ యాప్ కన్నా బాగా చెబుతుంది. .22 తూటాల మీద ఉండే మైనం పొర చలికి బిరుసెక్కి, గురి మీద తూటాలు పడే గుంపు చెదురుతుంది. బయథ్లాన్ వాళ్ళు లాపువా పోలార్ లాంటి చలి కోసం చేసిన తూటాలు వాడేది అందుకే.

గాభరా ధర

అమెరికాలో తూటాలు దొరక్కపోవడం చాలాసార్లు కర్మాగారం తప్పు కాదు, భయం తప్పు. 2008 ఎన్నికల తర్వాత ఒకసారి, 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో జరిగిన కాల్పుల తర్వాత చట్టం మారుతుందన్న గాభరాతో ఇంకోసారి. అప్పుడు .22 తూటాలు నెలల తరబడి దొరకలేదు. 2020లో కొవిడ్, లాక్‌డౌన్, అల్లర్లు, ఎన్నికలు ఒక్క ఏడాదిలో వచ్చిపడ్డాయి. తుపాకీ కొనేముందు జరిగే ఫెడరల్ తనిఖీలు 2019లో 2.8 కోట్లు, 2020లో దాదాపు 4 కోట్లు. దాదాపు 20 సెంట్లుండే 9 ఎంఎం పిస్తోలు రౌండు 70 సెంట్లు దాటింది. సరిగ్గా ఆ ఏడాదే తుపాకులూ తూటాలూ చేసే రెమింగ్టన్ రెండోసారి దివాలా తీసింది. గిరాకీ ఆకాశంలో ఉండగా తయారీదారు మునిగిపోవడం వింతగా ఉంటుంది గానీ, పాత అప్పు కొత్త గిరాకీ కోసం ఆగదు. అప్పుడు వెయ్యి రౌండ్లు 700 డాలర్లకు కొన్నవాళ్ళు, రెండు మూడేళ్ళకు ధర పాతిక సెంట్ల దరిదాపులకు దిగాక అదే డబ్బాను చూసుకుంటూ కూర్చున్నారు.

కూలిపోతుంది, కూలిపోతుంది అనేవాళ్ళు నిజంగా కూలిన చోట్లను చూడటం మంచిది. అర్జెంటీనాలో 2001 డిసెంబరులో మొదట ఆగింది బ్యాంకు: వారానికి 250 పెసోలు మాత్రమే తీసుకోవాలన్నారు. నెల తిరగకుండా అధ్యక్షుడు హెలికాప్టర్‌లో వెళ్ళిపోయాడు. తర్వాత కొన్ని నెలల్లో పెసో విలువ మూడో వంతు కన్నా తక్కువకు పడింది. మనకు 2016 నవంబరులో ఏటీఎం ముందు నిలబడ్డ రోజులు గుర్తుంటే ఆ మొదటి వారం ఊహించుకోవడం కష్టం కాదు. శ్రీలంకలో 2022లో ఆగింది పెట్రోలు, గ్యాస్ బండ.

ఇక తుపాకీలూ ఆర్థిక పతనమూ నిజంగా కలిసిన చోటు అల్బేనియా. 1996లో అక్కడి డిపాజిట్ కంపెనీలు ఒకదాన్ని మించి ఒకటి ఆశ చూపాయి. జాఫెరి మూడు నెలల్లో డబ్బు మూడింతలు చేస్తానంటే, సుదే రెండు నెలల్లో రెట్టింపు అన్నది. 35 లక్షల జనాభాలో జాఫెరి, పోపులి రెండింటిలోనే 20 లక్షల డిపాజిట్‌దారులు ఉన్నారు. జనం ఇళ్ళు అమ్మారు, రైతులు గొడ్లను అమ్మారు. మొత్తం బాకీ 120 కోట్ల డాలర్లు, దేశపు ఏడాది ఆదాయంలో దాదాపు సగం. 1997 జనవరిలో కుప్పకూలాయి, మార్చికల్లా జనం ఆయుధాగారాలు పగలగొట్టి లక్షల తుపాకులు ఇళ్ళకు పట్టుకుపోయారు. సుమారు 2,000 మంది చనిపోయారు. పోయిన డిపాజిట్లను ఆ తుపాకులు వెనక్కి తేలేదు, పైగా గాల్లోకి పేల్చిన తూటాలు పక్క ఇంటి కప్పు మీద పడ్డాయి. తర్వాత గ్రామ్ష్ జిల్లాలో ఐక్యరాజ్యసమితి వాళ్ళు తుపాకులిస్తే రోడ్లూ టెలిఫోన్లూ ఇస్తామని వెనక్కి రాబట్టుకోవాల్సి వచ్చింది.

కాబట్టి భయంతో డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే వరస ఇలా పెట్టుకోండి: రెండు వారాల తాగునీళ్ళు, మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున; నెలకు సరిపడా బియ్యం, పప్పు, నూనె; ఇంట్లో వాడే మందులు మూడు నెలలవి; మూడు వారాల ఖర్చుకు చిల్లర నోట్లు; మిన్నెసోటా లాంటి చోట కరెంటు లేకుండా ఇల్లు వెచ్చగా ఉంచుకునే దారి ఒకటి, దానితో పాటు కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఆ జాబితా పూర్తయ్యాకే తూటాల మాట.

ఆ తూటాలు కూడా వాడకం లెక్కన కొనండి. నెలకు 50 రౌండ్లు కాల్చేవాళ్ళకు ఏడాదికి 600. ధర మామూలుగా ఉన్నప్పుడు ఒక్క ఏడాది వాడకం ముందుగా ఉంచుకుంటే 2020 లాంటి కరువును కొనకుండానే దాటేయొచ్చు. కరువు పడితే నెలకు 20కి తగ్గించి, మిగతాది ఇంట్లో ఖాళీ తుపాకీతో రోజుకు పది నిమిషాల ట్రిగ్గర్ సాధనగా మార్చండి. .22 తుపాకీతో అయితే డమ్మీ తూటా తప్పనిసరి, లేకపోతే పిన్ చాంబర్ (తూటా కూర్చునే చోటు) అంచును కొట్టి పాడుచేస్తుంది. తూటాలను వాటి అట్టపెట్టెల్లోనే ఉంచి, రబ్బరు అంచున్న ఇనప డబ్బాలో సిలికా సంచితో పాటు మూసి, హీటరుకు దూరంగా తాళం వేయండి. డబ్బా మీద కొన్న నెల, లాట్ నంబరు మార్కర్‌తో రాసి, బియ్యం బస్తాల్లాగే పాతవి ముందుకు, కొత్తవి వెనక్కి పెట్టండి.